డోర్ టు డోర్ అంటే ఎవరి డోరు?

హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్‌కి ఇంటి సామాను పంపాలంటే ముందు ఈ మూవర్స్ వాళ్లతో వేగాలి. ఇంటికొచ్చి చూడకుండానే, సామాను ఎంత చోటు పడుతుందో లెక్కగట్టి ఫోన్లో రేటు చెప్పేస్తారు. తీరా ప్యాకింగ్ అయ్యాక "క్యూబిక్ మీటర్లు పెరిగాయి సార్" అంటారు. డోర్ టు డోర్ అన్నారుగా? అక్కడి పోర్టు చార్జీలు వేరేనట! సామాన్లో పురుగూ పుట్రా ఉందేమోనని చూసే క్వారంటైన్ తనిఖీ ఫీజూ మన నెత్తినే.

చెక్క పెట్టెలకు ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉంటుందా అంటే, "అవన్నీ మేం చూసుకుంటాం" అని ఓ నవ్వు. ఏం చూసుకుంటారు? వేడి చేసో, పొగబెట్టో చెక్కలో పురుగు లేకుండా చేశారని ఆ ముద్రే కదా చెప్పాలి! ఇన్సూరెన్స్ ఇంకో చోద్యం. మనం సర్దిన డబ్బాలో గ్రైండర్ రాయి పగిలితే పైసా రాదట.

నలుగురి సామానూ కలిపి పంపే షేర్డ్ కంటైనర్ ఎప్పుడు బయల్దేరుతుంది? "నిండగానే సార్." ఎప్పుడు నిండుతుంది? ఫోన్ కట్. అడ్వాన్సు పడేదాకా గంటకో కాల్ చేసిన మనిషే!