వడియాల మీద సముద్రం

మా ఫ్రీజర్‌లో మూడు రకాల రొయ్యలుంటాయి. ఒకటి మేం తినేవి, రెండోది చుట్టాలొస్తే వండేవి (కిలోకి ఎన్ని తూగుతాయన్న కౌంటు తేడా, అంతే), మూడోది మా చేపలు తినేవి. మొదటి రెండూ భీమవరం దగ్గర మా నాన్న చెరువుల్లోంచి రాత్రి బస్సులో వస్తాయి. మూడోది ఎక్కడో విదేశాల్లో పుట్టి, గడ్డకట్టి, చాక్లెట్ బార్‌లా గళ్ళు గళ్ళుగా ఉన్న ప్లాస్టిక్ పలకల్లో, థర్మాకోల్ పెట్టెలో కొరియర్‌లో దిగుతుంది. వంద గ్రాముల పలక ఏడొందలు. అంటే కిలో ఏడు వేలు. అవతల నాన్న వంద కౌంటు రొయ్యని కిలో రెండొందల యాభైకి ఏజెంటుని బతిమాలి అమ్ముకుంటున్న రోజుల్లో ఈ రేటు ఆయన చెవిన పడకూడదని మా ఆవిడా నేనూ ఒప్పందం చేసుకున్నాం. ఒప్పందంలో మా అమ్మాయిని చేర్చడం మర్చిపోయాం, దాని సంగతి తర్వాత.

హైదరాబాద్‌లో రెండో అంతస్తు ఫ్లాట్‌లో సముద్రం పెట్టుకోవడమేంటి అని అడక్కండి, ఇంట్లో అందరూ అడిగేశారు. నాలుగడుగుల ట్యాంకు, రెండొందల యాభై లీటర్లు, లీటరు ఆర్వో నీటికి ముప్ఫై ఐదు గ్రాముల లెక్కన ఉప్పు కలపాలి, దీనికి వంటింటి ఉప్పు పనికిరాదు, వేరే ఉంటుంది. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక పసుపు టాంగ్ (మా అమ్మాయి దానికి పసుపుకొమ్ము అని పేరు పెట్టింది), ఒక మాండరిన్. ఈ మాండరిన్‌కి ఎండు మేతా, ఐసు మేతా అన్న గొడవతో సంబంధం లేదు. అది రాళ్ళ మీద పాకే, కంటికి కనిపించీ కనిపించని పురుగుల్ని ఏరుకు తింటుంది, ఎండుదీ వద్దంటుంది, ఐసుదీ వద్దంటుంది. కటిక ఉపవాసం ఉన్నట్టు మొహం పెట్టుకుని రోజంతా నములుతూనే ఉంటుంది.

మొదట్లో నేను ఎండు మేతే పెట్టేవాణ్ణి, సన్న గుళికలు. వాటిని చెడ్డగా అనడానికేం లేదు. కరెంటు పోయినా కుళ్ళవు, కంపు కొట్టవు, ఊరెళితే పక్కింటి పిల్లాడికి చిటికెడంటే ఎంతో చూపించి అప్పజెప్పి వెళ్ళొచ్చు. చెడగొట్టింది నా బుద్ధి. చిన్న డబ్బా కంటే కిలో డబ్బా చాలా చవగ్గా పడుతోందని కిలో డబ్బా కొన్నాను. మా చేపలన్నీ కలిసి రోజుకి గ్రాము కూడా తినవు. అంటే మూడేళ్ళ గ్రాసం. మూత తీసిన కొన్ని నెలలకే లోపల విటమిన్లు దిగిపోయి, కొవ్వు పాడై పాత నూనె వాసన వస్తుందని తెలిసేసరికి ఆ డబ్బా ట్యాంకు మూత మీదే ఉండి, చెమ్మకి సగం బెల్లం అచ్చులా గట్టిపడింది.

అప్పుడు చేపల షాపతను, ఒక్కసారి ఫ్రోజెన్ పెట్టి చూడండి సార్, అన్నాడు. పెట్టాను. తోకలు ఊపుతూ చేపలు ఎగబడ్డ తీరు చూసి నా కళ్ళు చెమర్చాయి. మర్నాడు మళ్ళీ గుళికలు వేస్తే పెద్ద క్లౌన్ ఒకటి నోట్లోకి తీసుకుని, నా వంక చూసి, ఉమ్మేసింది. మళ్ళీ తీసుకుంది, మళ్ళీ ఉమ్మేసింది. పండగ మూడు రోజులూ అత్తారింట్లో మర్యాదలు తిన్న కొత్తల్లుడికి నాలుగోరోజు చద్దన్నం పెట్టినట్టయింది నా పరిస్థితి.

నిజానికి ఆ ఐసు గడ్డలో నూటికి ఎనభై పాళ్ళకు పైన నీళ్ళే. గుళికలో నీళ్ళు పదో వంతు కూడా ఉండవు. బలం లెక్కన చూస్తే నేను ఏడొందలు పోసి కొంటున్నది చాలా మటుకు ఐసు. ఐసు రకాల్లోనూ ఆర్టీమియా అనే ఉప్పునీటి రొయ్యపురుగులో పస తక్కువ, మైసిస్ అనే సన్న రొయ్య నయం. పైగా గడ్డని అలాగే నీళ్ళలో పడేయకూడదు, కప్పులో ట్యాంకు నీళ్ళు పోసి కరిగించి, వలలో వడకట్టి, ఆ రసం పారబోసి, ముక్కలు మాత్రమే వేయాలి. ఆ రసంతో ఫాస్ఫేట్ పెరుగుతుంది, ఫాస్ఫేట్ పెరిగితే రాళ్ళ మీద పచ్చటి జుట్టులా నాచు మొలుస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి చేసిన పనే ఇది, అందుకే రాస్తున్నాను.

మే నెల, నలభై ఒక్క డిగ్రీలు. సెలవులకని నాన్న వచ్చాడు. ఆ రోజే మూడు పలకల పార్సిల్ రావాలి, రెండు మైసిస్, ఒకటి ఆర్టీమియా. నేను మీటింగులో ఉండి ఫోన్ ఎత్తలేదు, కొరియర్ కుర్రాడు పెట్టెని వాచ్‌మన్ గదిలో పెట్టి పోయాడు. సాయంత్రం నాలుగింటికి వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"సార్, మీ డబ్బా కారుతుంది. పిల్లి రెండుసార్లు వచ్చి పోయింది."

ఇంటికొచ్చి విప్పితే మూడు పలకలూ పాయసం. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టిస్తే పనికిరాదు, పారేయడమే. ఇరవై ఒక్క వందలు. పారేయడానికి చెయ్యి రాలేదు. నాన్న పక్కన నిలబడి పలకలోకి తొంగిచూసి, "ఇది ఆర్టీమియా కదరా!" అన్నాడు, చిన్ననాటి స్నేహితుడు కనిపించినట్టు.

ఆ తర్వాత అరగంట నాకు వంశ చరిత్ర. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చినప్పుడు ఊళ్ళో ముందుగా దిగిందెవరో, తర్వాత మునిగిందెవరో, హేచరీల్లో రొయ్య పిల్లలకి ఈ ఆర్టీమియా ఎలా పెడతారో. "అమెరికాలో ఉటా అనే చోట ఉప్పు సరస్సుందిరా, దాంట్లోంచి దీని గుడ్లు డబ్బాల్లో వస్తాయి. ఉప్పు నీళ్ళలో వేసి గాలి కొడితే ఓ రోజులో పిల్లలయిపోతాయి. అవి తిన్న రొయ్య పిల్లల్ని తెచ్చి, నేను నాలుగు నెలలు మేపి, పట్టుబడి చేసి, మళ్ళీ ఆ అమెరికాకే పంపిస్తాను. నువ్వేమో అదే ఆర్టీమియాని ఐసులో కొని తెస్తున్నావు. ఎంతేంటి?"

"ఎంతో లేదు నాన్నా."

"నీ చేప ఈ ఏడాదిలో ఎన్ని గ్రాములు పెరిగింది?"

నేను బదులు చెప్పలేదు. కిలో రొయ్య తీయడానికి కిలోన్నర మేత దాటితే రాత్రి నిద్రపట్టని మనిషి ఆయన. ఏడాదిగా మేస్తూ అంగుళం పెరగని చేపలు ఆయన దృష్టిలో చేపలు కావు, బంధువులు. అంతకుముందు టాంగ్‌కి సముద్రపు నాచు రేకు క్లిప్పుకి పెట్టి గాజుకి తగిలిస్తుంటే కూడా, "చేపకి పేపరేయించావా? ఏం చదువుతుందిరా?" అన్నాడు.

రాత్రి పదింటికి, అందరూ పడుకున్నాక, నేను పన్నెండు గడ్డలంత పాయసాన్ని ట్యాంకులో పోశాను. రోజుకి ఒకటి చాలు. వడకట్టలేదు కూడా, రసంతో సహా పోశాను, ఎందుకంటే ఆ రసానికి కూడా డబ్బులిచ్చాను కదా. చేపలు పొట్టలు బల్బుల్లా అయ్యేదాకా తిన్నాయి. నేను తృప్తిగా పడుకున్నాను.

ట్యాంకు వెనక స్కిమ్మర్ అని ఒక గొట్టం తగిలించి ఉంటుంది. నీళ్ళలోకి సన్న బుడగలు కొట్టి, అందులోని మురికిని నురగతో పైకి లాగి ఒక కప్పులో పడేస్తుంది. కొవ్వు ఎక్కువైతే నురగ కట్టదు, ఆ రాత్రంతా అది కిక్కురుమనలేదు. పొద్దున నేనూ మా ఆవిడా ఆఫీసులకి పోయాక, తొమ్మిదిన్నరకి, పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగడం మొదలుపెట్టింది. కప్పు నిండింది. తర్వాత నేల.

ఇంట్లో నాన్న, మా అమ్మాయి ఉన్నారు. పదింటికి నాన్న ఫోన్.

"ఒరే, గట్టు తెగింది."

చెరువు గట్టు అనుకుని నాకు గుండె ఆగినంత పనైంది. హాల్లో గట్టు అని తెలిసి ఇంకో రకంగా ఆగింది. "నాన్నా, ట్యాంకు వెనక నల్ల స్విచ్చుంటుంది, అది ఆపేయ్" అన్నాను. "ఏరేటర్ ఆపమంటావేంట్రా, పది నిమిషాల్లో తేలిపోతాయి" అన్నాడు ఆయన. ముప్ఫై ఏళ్ళుగా కరెంటు పోతే జనరేటర్ కోసం చీకట్లో చెప్పుల్లేకుండా పరిగెత్తిన మనిషికి బుడగలొచ్చే యంత్రాన్ని చేతులారా ఆపడం అనే ఆలోచనే రాదు. అది ఏరేటర్ కాదని నేను ఫోన్‌లో అరుస్తూనే ఉన్నాను, ఆయన అప్పటికే పనిలోకి దిగిపోయాడు. మా దుప్పట్లు నాలుగు, సోఫా దిళ్ళు ఆరు, మా ఆవిడ యోగా చాప ఒకటి, వీటితో బెడ్‌రూమ్ వైపు గట్టు కట్టి, నీళ్ళని శాస్త్రప్రకారం బాల్కనీ తూము వైపు మళ్ళించాడు. ఒక్క చుక్క లోపలికి రాలేదు. గట్టు కట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు.

ఆ తూముకి ఉండాల్సిన గొట్టం ఊడిపోయి ఆరు నెలలైంది. అసోసియేషన్‌కి నాలుగుసార్లు చెప్పాం, నాలుగుసార్లూ చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. దాని కింద, మొదటి అంతస్తు పిన్నిగారి బాల్కనీ గ్రిల్లు రెండడుగులు బయటికి ఉంటుంది. అక్కడ, పాత పంచె మీద, ఎనిమిదింటికే పెట్టిన సగ్గుబియ్యం వడియాలు.

కార్తీకంలో ఉల్లిపాయ కూడా ఇంట్లోకి రానివ్వని మనిషి ఆవిడ.

నేను బండి మీద ఇల్లు చేరేసరికి స్కిమ్మర్‌కి నీళ్ళు అందక దానంతట అదే గాలి పీలుస్తూ మూలుగుతోంది, ట్యాంకులో ఓ పాతిక లీటర్లు తగ్గింది. నాన్న లుంగీ మోకాళ్ళపైకి కట్టి నిలబడ్డాడు. పిన్నిగారు సోఫాలో, దిళ్ళు లేని సోఫాలో, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. చేతిలో ప్లేటు, ప్లేటులో నాలుగు తడి వడియాలు.

"రా బాబూ. ఏసీ నీళ్ళేమో అనుకున్నా. ఏదైతేనేం, మంచికే జరిగింది. పిండిలో ఉప్పు తక్కువైందేమోనని పొద్దుట్నుంచీ పీకుతోంది. ఇప్పుడు చూస్తే సరిగ్గా సరిపోయింది" అంటూ ఒక మూల తుంపి నోట్లో వేసుకున్నారు.

నేను నాన్న వంక చూశాను. బ్యాంకు మేనేజర్ దగ్గర తప్ప ఇంకెక్కడా అబద్ధమాడని మనిషి.

"అదీ... ఉప్పు నీళ్ళేనండి అమ్మగారూ. కాకపోతే అందులో రొయ్యలున్నాయండి."

నమలడం ఆగింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. నాన్నకి ఆవిడ మొహం చూసి జాలేసి, ఊరడించబోయాడు.

"మంచి రొయ్యలేనండి. ఫారినువి."

అదేదో తనని అడిగినట్టు మా అమ్మాయి సోఫా వెనక నుంచి అందుకుంది. "అవును తాతయ్యా, చాలా కాస్ట్లీ. ఇంతే ముక్క ఏడొందలు. వంద గ్రాములు."

పిన్నిగారు బాత్రూమ్ వైపు పరిగెత్తారు. నాన్న కదల్లేదు. వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు, బొటనవేలు ఒక్కో గణుపు మీదా ఆగుతూ వెళ్ళింది. ఆ రోజు భోజనాల దాకా ఆయన నాతో మాట్లాడలేదు, మధ్యమధ్య ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, పెద్ద క్లౌన్ వంక, బాకీ ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు చూశాడు.

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి లేచి, మా ఆవిడ పర్యవేక్షణలో, పిన్నిగారు ఇచ్చిన గిన్నెల్లో (మా గిన్నెలు వద్దన్నారు) రెండు కిలోల సగ్గుబియ్యం ఉడికించి కలిపాను. అడుగంటింది. ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఊరెళ్ళే ముందు నాన్న మా వంటింట్లోంచి ఒక స్టీలు సాసర్ తీసి, నైలాన్ దారంతో ట్యాంకులోకి వేలాడదీశాడు. చెక్ ట్రే. చెరువుల్లో మేత వేశాక రెండు గంటలకి ట్రే లేపి మిగిలిందో లేదో చూసుకుని, దాన్నిబట్టి తర్వాతి మేత తగ్గించడమో పెంచడమో చేస్తారు. "నీ నాలుగు చేపలకి రెండు గంటలెందుకు, ఐదు నిమిషాలు చాలు" అన్నాడు. కొత్త చిన్న డబ్బా గుళికలు తెచ్చి వేసి, ఐదు నిమిషాలకి లేపి చూస్తే సగం అలాగే ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను వేసిన గుళికల్లో సగం రాళ్ళ కిందికి పోయేవన్నమాట. ఉమ్మేసే క్లౌన్‌ని మూడు రోజులు ఎవరూ బతిమాలలేదు, నాలుగోరోజు నోరు మూసుకుని మింగింది. ఆకలి రుచెరగదు అంటారు గదా, ఉప్పు నీళ్ళలో కూడా అంతే. ఇప్పుడు వారంలో ఐదు రోజులు ఎండుది, బుధవారం, ఆదివారం ఐసుది ఒక్కటి, కడిగి, వడకట్టి. కొరియర్ వచ్చే రోజు నేను సెలవు పెడుతున్నాను. మాండరిన్ మటుకు ఏ ట్రే వైపూ చూడకుండా గాజు మీద పురుగులు ఏరుకుంటూ అలాగే ఉంది.

పిన్నిగారు నెల రోజులు మాట్లాడలేదు. మొన్న లిఫ్టులో ఎదురుపడ్డారు. మొదటి అంతస్తు దాకా ఇద్దరం తలుపు వంకే చూస్తూ నిలబడ్డాం. దిగబోతూ, వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"ఇవాళ ఎండుదా, ఐసుదా?"

"ఎండుదేనండీ పిన్నిగారూ."

"అయితే పిండి కలుపుకుంటా."