మోకాలు వంచిన యాంకర్

2021 జూన్ 13, ఆదివారం రాత్రి ఎనిమిదింటికి బ్రిటన్‌లో జీబీ న్యూస్ అనే టీవీ వార్తా చానల్ మొదలైంది. మాటకీ పెదవులకీ పొంతన లేదు, మైకులు మొరాయించాయి. అయినా ఆ రాత్రి ఒక దశలో 3,36,000 మంది చూశారు, బీబీసీ న్యూస్, స్కై న్యూస్ చానళ్లు రెండూ వెనకబడ్డాయి. లండన్ మీడియా పట్టించుకోని వాళ్ల మాట వినిపిస్తామని చానల్ చైర్మన్ ఆండ్రూ నీల్ అన్నారు, జనం నమ్మి వచ్చారు. ఆ నమ్మకాన్ని మేం తక్కువ చెయ్యం. మన ఊరి కష్టం ఏ చానల్లోనూ కనపడకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. పట్టుమని నాలుగు రోజులు చూడకుండానే ఐకియా, కాపర్‌బర్గ్ లాంటి కంపెనీలు ప్రకటనలు ఆపెయ్యడం కూడా తొందరపాటే అని మా అభిప్రాయం.

మమ్మల్ని బాధపెట్టింది ఆ తర్వాత నెలకి జరిగినది. యూరో ఫుట్‌బాల్ ఫైనల్లో పెనాల్టీలు తప్పిన ముగ్గురు నల్లజాతి ఇంగ్లండ్ ఆటగాళ్లని జాతి పేరుతో నానా మాటలూ అన్నారు కదా, దాని మీద చర్చ జరుగుతుంటే గుటో హారీ అనే యాంకర్ ఆ ఆటగాళ్లకి మద్దతుగా లైవ్‌లోనే మోకాలు వంచాడు (జాతి వివక్షకి నిరసనగా ఒక మోకాలు నేలకి ఆనించడం). అంతే, అది నచ్చని ప్రేక్షకులు చానల్‌ని బహిష్కరించారు. అక్కడ టీవీ ప్రేక్షకుల్ని లెక్కగట్టే బార్బ్ సంస్థ రేటింగుల్లో కొన్ని స్లాట్లకి సున్నా వచ్చింది (కొలిచేది కొన్ని వేల ఇళ్లలోనే, కాబట్టి ఒక్కరూ చూడలేదని కాదు, కానీ దెబ్బ మాత్రం నిజం). స్వేచ్ఛగా మాట్లాడుకుందాం రండి అని పిలిచిన చానలే అది తమ ప్రమాణాలకు విరుద్ధమని ప్రకటించి ఆయన్ని పక్కన పెట్టింది, ఆయన రాజీనామా చేశారు. ఆ వెంటనే మితవాద నాయకుడు నైజెల్ ఫరాజ్‌కి రాత్రి షో ఇచ్చారు. సెప్టెంబర్ 13న, అంటే సరిగ్గా మూడు నెలలకి, నీల్ కూడా చైర్మన్ పదవి వదిలేశారు.

ఒకే రకం అభిప్రాయం కోసం వచ్చిన ప్రేక్షకులు ఇంకో అభిప్రాయాన్ని ఒక్క నిమిషం కూడా భరించలేకపోయారు, యాజమాన్యం వాళ్లకి భయపడింది. అక్కడ టీవీ, రేడియోలని నియంత్రించే ఆఫ్‌కామ్ ఉంది, నిష్పాక్షికత నిబంధన ఉంది, అప్పటి ప్రధాని రిషి సునాక్‌తో ఈ చానల్ నడిపిన కార్యక్రమానికి 2024లో లక్ష పౌండ్ల జరిమానా కూడా పడింది. కానీ తన చానల్ భయపడినప్పుడు యాంకర్‌ని కాపాడే నిబంధన అక్కడా లేదు.

మన దగ్గరా రిమోట్ ఏ నంబరు దగ్గర ఆగుతుందో చూసి ఆ ఇంటివాళ్లది ఏ పార్టీయో చెప్పేస్తున్నారు. తెలుగులో కొత్త చానల్ పెట్టేవాళ్లని మేం అడిగేది ఒక్కటే: మీ ధోరణికి ఎదురు మాట్లాడిన యాంకర్‌కి మర్నాడు కూడా డ్యూటీ వెయ్యండి.