ఫైళ్ళ నిద్ర చెడగొట్టకండి ప్లీజ్

సమాచార హక్కు చట్టాలన్నీ, ఏ దేశంలో ఉన్నా సరే, వెంటనే రద్దు చేసేయాలని నా డిమాండ్. ఆఫీసర్ల బాధ ఎవరైనా ఆలోచించారా అసలు? పదేళ్ళ క్రితం సంతకం గీకి, బీరువాలో తోసి, తాళమేసి హాయిగా మర్చిపోయిన ఫైలుని ఎవడో దారినపోయే దానయ్య ఒక కాగితం ముక్క రాసి బయటికి తీయమంటాడు, ఎందుకో కూడా చెప్పక్కర్లేదట పైగా.

ఈ తద్దినం తెచ్చిపెట్టింది స్వీడన్ వాళ్ళు, 1766లో. పత్రికా స్వేచ్ఛ చట్టంలోనే ఫైళ్ళు చూసే హక్కు కూడా కలిపేశారు, రాసే స్వేచ్ఛ ఇచ్చి రాయడానికి ఏమీ ఇవ్వకపోతే ఎంత ప్రశాంతంగా ఉండేదో వాళ్ళకి తట్టలేదు పాపం. తర్వాత 1966లో అమెరికా, 2000లో బ్రిటన్. బ్రిటన్ చట్టం తెచ్చిన టోనీ బ్లెయిర్ దిగిపోయాక తన ఆత్మకథలో తనని తానే మూర్ఖుడా అని తిట్టుకున్నాడు, జనం కంటే జర్నలిస్టులే దీన్ని ఎక్కువ వాడుతున్నారని ఆయన ఏడుపు. నిజమే కదా, కత్తెర ఇచ్చింది దర్జీ వాడతాడని కాదుగా!

ఆ దేశంలోనే ఎంపీల ఖర్చుల లెక్కలు అడిగి ఒక జర్నలిస్టు కోర్టుదాకా వెళ్ళి 2008లో గెలిచింది. మరుసటి ఏడాది 2009లో అవి లీకయితే ఏముంది, ఒకాయన చెరువులో బాతులకి ఇల్లు కట్టించి 1,645 పౌండ్లకి బిల్లు పెట్టాడు. మూగజీవాల మీద ఆ మాత్రం ప్రేమ ఉంటే తప్పా? తర్వాత పార్లమెంటు అఫీషియల్‌గా వదిలిన కాపీలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి, అడ్రస్‌లతో సహా ఎక్కడపడితే అక్కడ కాటుక పూసేశారు, ఎవరు ఏ ఇంటిని రెండో ఇల్లుగా చూపించి డబ్బులు లాగారో వాటిలో కనిపిస్తే ఒట్టు.

అయినా నా ఓటు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏకే. సముద్రంలో మునిగిన సోవియట్ సబ్‌మెరైన్‌ని గ్లోమార్ ఎక్స్‌ప్లోరర్ అనే ఓడతో గుట్టుగా లేపబోయారు, ఆ వార్త వేయొద్దని పత్రికలని బతిమాలారు, ఆ బతిమాలిన కాగితాలు ఇవ్వమని 1975లో ఒక జర్నలిస్టు అడిగితే అలాంటివి ఉన్నాయనీ చెప్పం, లేవనీ చెప్పం అన్నారు! ఇప్పటికీ ఆ టైపు జవాబుని గ్లోమార్ అనే పిలుస్తారు. లేదు అంటే అబద్ధం, ఉంది అంటే డేంజర్, ఈ మధ్యలో ఇంత చోటుందని మనకెవరికైనా తట్టిందా?

ఇంతకీ ఈ వ్యాసం ఎవరైనా పురమాయించి రాయించారా అని మీకు డౌట్ రావచ్చు. అలాంటి ఉత్తరం ఉందనీ చెప్పను, లేదనీ చెప్పను. మరీ పట్టుబడితే అప్లికేషన్ పెట్టుకోండి, 20 పనిదినాల్లో కాపీ ఇస్తా, 'గౌరవనీయులైన' నుంచి 'ఇట్లు' దాకా మధ్యలో నల్లగా ఉంటుంది, ప్రింటర్ పాడయిందనుకునేరు.