ఓడకు చావు లేదు: నేవీ బోర్డు వారి మరమ్మతు శాస్త్రం

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ నౌకాదళం ఏం సాధించిందంటే అందరూ 1704లో జిబ్రాల్టర్ పట్టుకున్న సంగతి చెబుతారు. అది చిన్న విషయం. అసలు ఘనకార్యం లండన్‌లో, ఓడలు కట్టించి, మరమ్మతులు చేయించే నేవీ బోర్డు అనే కార్యాలయం బల్లల మీద జరిగింది. కర్రతో కట్టిన ఓడ ఎప్పటికైనా పుచ్చిపోతుంది. కాగితం మీది ఓడకు పుచ్చు పట్టదు. ఇంత సూక్ష్మాన్ని కనిపెట్టి, దాని మీద ఒక నౌకాదళాన్నే నడిపించిన మహానుభావులకు లండన్‌లో ఒక్క విగ్రహం లేకపోవడం అన్యాయం.

కొత్త ఓడ కావాలని పార్లమెంటుకు వెళితే ఎందుకు, ఎంత, యుద్ధమేదీ లేదుగా అని వంద ప్రశ్నలు. ఉన్న ఓడకు మరమ్మతు అంటే మాత్రం డబ్బు సులువుగా రాలుతుంది. ఉన్నదాన్ని కాపాడుకోవద్దని ఎవరంటారు? అందుకని బోర్డు వారు కొత్త ఓడలు కట్టడం బాగా తగ్గించి, పాతవాటిని ‘పునర్నిర్మించడం’ మొదలుపెట్టారు.

విధానం ఇది. పుచ్చిన ఓడను డాక్‌లోకి తేవాలి. ఫిరంగులు, తెరచాపలు, స్తంభాలు దింపాలి. తర్వాత డెక్కు పలకలు, పక్క పలకలు, లోపలి దుంగలు, చివరికి అడుగున ఉన్న కీల్ దూలం దాకా విప్పేయాలి. గట్టిగా ఉన్న ఓక్ దుంగలను ఏరి పక్కన పేర్చాలి. ఇప్పుడు డాక్‌లో ఓడ లేదు. జాబితాలో ఉంది. జాబితా నుంచి మాత్రం పొరపాటున కూడా కొట్టేయకూడదు, మొత్తం శాస్త్రానికి ఇదే ఆయువుపట్టు. కొన్నేళ్ల తర్వాత, వీలైతే అదే రేవులో, లేకపోతే వేరే రేవులో, ఎల్మ్ కర్రతో కొత్త కీల్ వేసి, కొత్త ఓక్‌తో పక్కదుంగలు నిలబెట్టి, పాత దుంగలు ఎక్కడ ఇముడుతాయో అక్కడ ఇరికించాలి. అన్నీ ఇమడవు. పాత ఓడ వంపుకు చెక్కిన దుంగ కొత్త ఓడ వెడల్పుకు సరిపోదు మరి. పైగా ఏళ్ల తరబడి బయట పడి ఉన్న దుంగలో ఎంత గట్టిదనం మిగిలిందో చెక్కితే తప్ప తెలియదు, తెలిశాక చెక్కిన కూలి దండగ. అయినా ఇరికించాలి. ఆ నాలుగు దుంగల పుణ్యాన్నే ఇది ‘మరమ్మతు’ అవుతుంది. ఇల్లు పీకి పందిరి వేయడమంటే ఇదేనని ఎవరైనా అంటే, వారికి ఖాతా పుస్తకాలు రాయడం రాదని అర్థం.

ఈ క్రతువులో వడ్రంగులకు కూడా వాటా ఉంది. వాళ్ల రోజుకూలి 2 షిల్లింగుల 1 పెన్నీ. అదీ మూడు నెలలకోసారి ఇవ్వాల్సింది, ఇంకా ఆలస్యంగానే అందేది. దానికి పరిహారంగా పనిలో రాలిన చెక్కపేళ్లను ఇంటికి పట్టుకెళ్లే హక్కు. పేడు అంటే మూడడుగులకు మించని ముక్క. మంచి పలకను మూడడుగుల ముక్కలుగా కోస్తే ఏమవుతుంది? పేడు అవుతుంది. ఇందులో నియమభంగం ఎక్కడుందో చూపించమనండి.

ఇక కొలతలు. బోర్డు వారికి వంకరటింకర నచ్చదు. 1706లో ఒక పట్టిక వేశారు, 1719లో దాన్ని బిగించారు. ఏ తరగతి ఓడ ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ దుంగ ఎంత మందం, అన్నీ ముందే రాసేశారు. 70 ఫిరంగుల ఓడ డెక్కు పొడవు 1706లో 150 అడుగులు, 1719లో 151. పదమూడేళ్ల అభివృద్ధి ఒక అడుగు. 60 ఫిరంగుల ఓడకైతే అదీ లేదు, అప్పుడూ 144, ఇప్పుడూ 144. 1715 నుంచి 1749 దాకా ఓడల నమూనాలు చూసే సర్వేయరు పదవిలో ఉన్న సర్ జేకబ్ ఆక్‌వర్త్ గారు ఈ స్థిరత్వానికి ప్రతిరూపం. ఫ్రెంచివాళ్లూ స్పెయిన్ వాళ్లూ ఓడలను పెద్దవిగా కడుతున్నారన్న వార్తలు ఆయన హయాంలో వస్తూనే ఉన్నాయి. పట్టికలో మాత్రం అలాంటి గడి లేదు.

80 ఫిరంగుల ఓడ ఈ పట్టికకు మకుటం. పొడవు 158 అడుగులు, వెడల్పు 44 అడుగుల 6 అంగుళాలు. ఇంత చిన్న ఒంటి మీద మూడు డెక్కులు. అడుగు డెక్కులో 32 పౌన్ల గుండు వేసే ఫిరంగులు 26, మధ్యలో 12 పౌన్లవి 26, పైన 6 పౌన్లవి 24, వెనక మరో నాలుగు. లెక్క సరిగ్గా 80. ఇబ్బంది ఎక్కడంటే, ఒక్కోటి రెండున్నర టన్నులకు పైబడే ఆ పెద్ద ఫిరంగుల కిటికీలు నీటికి మరీ దగ్గర. పైన మూడో డెక్కు బరువు, దాని పక్క గోడకు తగిలే గాలి. కాస్త గాలి వీచగానే ఓడ ఒరుగుతుంది, కిందివైపు కిటికీలు తెరిస్తే సముద్రం లోపలికి వస్తుంది. కాబట్టి మూసి ఉంచాలి. అంటే యుద్ధానికి పనికొచ్చే అసలు ఫిరంగులు 26 బిడాయించిన గదిలో ప్రయాణం చేస్తాయి. మధ్యధరా దళాధిపతి మాథ్యూస్ దీని గురించి మొత్తుకున్నాడు. శత్రువులు గాలి లేని రోజే యుద్ధానికి రావాలని ఒక ఉత్తర్వు వేసి ఉంటే సరిపోయేది.

1740 ఏప్రిల్‌లో స్పెయిన్ వాళ్ల ప్రిన్సెసా అనే ఓడ ఒంటరిగా దొరికింది. దాన్ని పట్టుకోవడానికి కెంట్, లెనాక్స్, ఆర్ఫర్డ్ అనే మూడు 70 ఫిరంగుల ఓడలు గంటల తరబడి కొట్టాల్సి వచ్చింది. తీసుకొచ్చి కొలిస్తే అది 165 అడుగుల పొడవు, 49 అడుగులు దాటిన వెడల్పు. దాని అడుగు కిటికీలు నీటికి ఎత్తుగా ఉన్నాయి, తెరుచుకుంటున్నాయి కూడా. బోర్డు వారు ఉలిక్కిపడి 1741లో విప్లవం తెచ్చారు: 151 అడుగులను 154 చేశారు.

కాగితం మీద ఓడ తేలినప్పుడు కాగితం మీద నావికుడు మాత్రం ఎందుకు తేలడు? 1733 నుంచి ప్రతి ఓడ సిబ్బంది పట్టీ అయిన మస్టరు రోల్‌లో నూటికి ఇద్దరు లేని మనుషులను రాయడం అధికారికమే. వాళ్ల జీతం చనిపోయిన అధికారుల భార్యల నిధికి వెళ్లేది. ధర్మకార్యమే, కాదనను. ఎటొచ్చీ మొత్తం దళంలో జబ్బు పడనిది, పారిపోనిది, తిండి బాగాలేదని గొణగనిది ఆ ఇద్దరే. ఉన్న నావికుడి జీతమేమో 1653లో నెలకు 24 షిల్లింగులని రాశారు, 1797 దాకా చెరపలేదు. ఆ నెల కూడా 28 రోజులదే. అతనికి ఓడ సరుకుల గుమాస్తా తూచి ఇచ్చే పౌనుకు 16 ఔన్సులు కాదు, 14.

ఈ శాస్త్రం శిఖరం ఎక్కింది విక్టరీ విషయంలో. ట్రఫాల్గర్ యుద్ధంలో అడ్మిరల్ నెల్సన్ ఎక్కిన ఓడ కాదు, అంతకు ముందుది. 1675లో రాయల్ జేమ్స్ పేరుతో పుట్టి, 1691లో విక్టరీ అయి, 1695లో ఒకసారి పునర్నిర్మాణం పొంది, 1714లో రాయల్ జార్జ్ అయి, మరుసటి ఏడే మళ్లీ విక్టరీ అయింది. 1721 ఫిబ్రవరిలో దాని అడుగు శుభ్రం చేస్తున్నారు. ఆ రోజుల్లో పద్ధతేమిటంటే, ఓడ అడుగుకు పట్టిన పాచిని మంట పెట్టి కాల్చడం, మెత్తబడిన పాత తారును గీకేయడం, పైన కొవ్వు, గంధకం, గుగ్గిలం కలిపి పూయడం. తారు పట్టించిన కర్ర కింద మంట. జరగాల్సిందే జరిగింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టినట్టు పాచితో పాటు ఓడా కాలింది. మిగిలిన దుంగలను విప్పి దాచారు. వాటితో 1726లో పని మొదలుపెట్టి 1737లో పోర్ట్స్‌మత్‌లో మళ్లీ నీట్లోకి దింపారు. 174 అడుగుల పొడవు, వంద కంచు ఫిరంగులు, రికార్డులో అదే పాత ఓడ.

1744 అక్టోబరులో లిస్బన్ వైపు నుంచి తిరిగి వస్తూ తుఫానులో అది మునిగింది. అప్పుడే ముసలి నావికుల ఆశ్రమమైన గ్రీనిచ్ ఆసుపత్రి గవర్నరుగా విశ్రాంతి పదవి పొందిన 74 ఏళ్ల అడ్మిరల్ సర్ జాన్ బాల్చెన్, ఆయనతో 1,100 మందికి పైగా పోయారు. ఒక్కడూ బతకలేదు. ఓడ మరీ ఎత్తు అని, దుంగలు పుచ్చాయని గుసగుసలు లేచాయి. తప్పు మాత్రం ఛానెల్ దీవుల దగ్గరి కాస్కెట్స్ రాళ్ల మీదికి, అక్కడి దీపస్తంభం కాపరి మీదికి నెట్టారు: దీపం వెలిగించలేదట. 2008లో శకలాలు దొరికాయి, ఆ రాళ్లకు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో.

ఈసారి ఇరికించడానికి ఒక్క దుంగ కూడా తేలిరాలేదు. దాంతో 1758లో తర్వాతి విక్టరీకి ఆర్డరు ఇచ్చేటప్పుడు, పాపం, ‘కొత్త ఓడ’ అని నిజమే రాయాల్సి వచ్చింది. అది ఇప్పటికీ పోర్ట్స్‌మత్ డ్రైడాక్‌లో ఉంది. మరమ్మతు నడుస్తోంది.