నాలుగు గంటలు, ఒక క్రెడిట్

కెమిస్ట్రీ మేజర్ చదివేవాళ్లు డిగ్రీ కోసం పూర్తి చెయ్యాల్సిన కోర్సుల పట్టిక మీద నోటికొచ్చినట్టు మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. పిల్లల్ని ఏడిపించడానికే దాన్ని తయారుచేశారని కొందరంటారు. అడిగేవాడు లేక ఏటా ఒక వరుస చొప్పున పెరిగిపోయిందని ఇంకొందరంటారు. రెండూ అన్యాయమైన మాటలే. ఆ పట్టికను వెనకేసుకొచ్చే నాథుడు ఇంతవరకూ లేడు కాబట్టి ఆ భారం నేను నెత్తికెత్తుకుంటున్నాను.

ముందు క్రెడిట్ల లెక్క, అంటే ఒక్కో కోర్సుకు డిగ్రీ ఖాతాలో జమయ్యే పాయింట్ల లెక్క చూద్దాం. వారానికి మూడు గంటలు కూర్చుని పాఠం వింటే మూడు క్రెడిట్లు. నాలుగు గంటలు ల్యాబ్‌లో నిలబడితే ఒక క్రెడిట్. చాలాచోట్ల లెక్క ఇంచుమించు ఇదే. సమీకరణానికి అటూ ఇటూ పరమాణువులు తూగకపోతే మార్కులు కోసేవాళ్లు, ఎడమవైపు నాలుగు గంటలు పెట్టి కుడివైపు ఒక క్రెడిట్ ఎలా రాస్తారని కుర్రాళ్లు నిలదీస్తున్నారు. మిగతా మూడు ఎటు పోయాయట! నాయనా, నిత్యత్వ నియమం ద్రవ్యానికి చెప్పారు గానీ నీ మధ్యాహ్నాలకు ఎవరూ చెప్పలేదు.

అయినా ఆ నాలుగు గంటల్లో మీరు చేసేదేమిటి? క్షారం చుక్కలు వేస్తూ ఆమ్లం ఎంతుందో కొలిచే టైట్రేషన్ రోజున, చుక్కలు వదిలే గాజు గొట్టం బ్యూరెట్ కింద ఫ్లాస్కు పట్టుకుని తిప్పుతూ ఉంటారు. రంగు మారి సంగతి చెప్పే ఫినాఫ్తలీన్ వేసిన ఆమ్లంలో క్షారం చుక్క పడ్డచోట గులాబీరంగు తళుక్కుమంటుంది, తిప్పగానే మాయమవుతుంది. చివరికి ఒక్క చుక్కతో రంగు నిలవాలి, అదీ కింద తెల్లకాగితం పెట్టి చూస్తే తప్ప కనబడనంత లేతగా. ఒక చుక్క ఎక్కువైతే ఫ్లాస్కంతా ముదురు గులాబీ. చూడముచ్చటగా ఉంటుంది, మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి.

ఇక స్ఫటికాలు తీసే రోజు సంగతి చెప్పనే అక్కర్లేదు. ద్రావణం చల్లారుతుంది, స్ఫటికాలు రావు. గాజు కడ్డీతో ఫ్లాస్కు లోపలి గోడను గీకుతారు. మంచులో పెడతారు. మళ్లీ గీకుతారు. సరిగ్గా ల్యాబ్ మూసే వేళకు అవి దయచేస్తే, ఆరకముందే తూకం వేసి దిగుబడి 112 శాతం అని రాసుకొస్తారు. వేసినదానికన్నా వచ్చింది ఎక్కువన్నమాట! నీళ్లను కూడా ఫలితం కింద జమకట్టినవాళ్లకు ఆ ఒక్క క్రెడిట్ ఇవ్వడమే డిపార్ట్‌మెంటు ఔదార్యం.

రాత్రిళ్లు మేలుకుని రాసే ల్యాబ్ రిపోర్టు ఏ లెక్కలోకీ రాదని ఇంకో ఏడుపు. థర్మోడైనమిక్స్ శ్రద్ధగా చదివితే ఈ ప్రశ్నే రాదు. మనం పరిశీలించే వ్యవస్థ వేరు, దాని బయట మిగిలే పరిసరాలు వేరు. విద్యార్థి నిద్ర పరిసరాల కిందికి వస్తుంది.

ఒక కోర్సు పాసైతేనే ఇంకో కోర్సులోకి రానిస్తామనే నిబంధన కూడా విమర్శకుల కళ్లల్లో పడింది. జనరల్ కెమిస్ట్రీ అయితేనే ఆర్గానిక్ ఒకటి, అది అయితేనే ఆర్గానిక్ రెండు. ఆర్గానిక్ ఒకటి ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే చెబుతారు. అక్కడ తప్పితే ఏడాది ఆగాలి. చర్య మొత్తం వేగాన్ని అన్నిటికన్నా నెమ్మదైన అంచె నిర్ణయిస్తుందని కైనెటిక్స్‌లో ఒక పాఠం ఉంది. మిగతా పాఠాలు పరీక్ష రాసిన మర్నాడే ఎగిరిపోతాయేమో గానీ ఇలా నేర్పిన పాఠాన్ని ఎవరైనా మరిచిపోగలరా?

కాలిక్యులస్‌ది మరీ సున్నితమైన ఏర్పాటు. దాన్ని మొదటి ఏడాదే చదివించేస్తారు. ఆ తర్వాత ఆర్గానిక్‌లో ఎలక్ట్రాన్లు ఎటు పోతాయో వంపు బాణాలు గీస్తూ గడిపిస్తారు. అవకలనాలన్నీ శుభ్రంగా మరిచిపోయారని రూఢి చేసుకున్నాక ఫిజికల్ కెమిస్ట్రీలో కూర్చోబెట్టి బోర్డు మీద పరమాణువులో ఎలక్ట్రాన్ల తీరు చెప్పే ష్రోడింగర్ సమీకరణం రాస్తారు. 1926లో వచ్చిన ఆ సమీకరణాన్ని ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్‌కు సాంతం సాధిస్తారు. పేజీలు నిండుతాయి, విద్యార్థి గుండె నిండుతుంది. తర్వాతది హీలియం. రెండే రెండు ఎలక్ట్రాన్లు. దీనికి అలాంటి కచ్చితమైన సాధన కుదరదు, ఉజ్జాయింపుతో సరిపెట్టుకోవాలంటారు. మూలకాల ఆవర్తన పట్టికలో ఉన్నవి 118. రెండోదాని దగ్గరే హంసపాదు.

మైకేల్ ఫారడేకి ఏ డిగ్రీ ఉందని అడిగేవాళ్లు ప్రతి సభలోనూ ఒకరు లేస్తారు. నిజమే, ఆయన పుస్తకాలు బైండింగు చేసే చోట పని నేర్చుకున్న మనిషి. 1825లో బెంజీన్‌ను వేరుచేసి చూపించాడు. కానీ గణితం పెద్దగా రాదు. కాలిక్యులస్ లేనివాణ్ణి ఫిజికల్ కెమిస్ట్రీలోకి ఎలా రానిస్తాం? ఎలక్ట్రాలిసిస్ మీద ఆయన పేరుతో ఉన్న నియమాలు చెప్పే రోజున కావాలంటే గుమ్మం బయట నిలబడి వినొచ్చు. ఆధునిక రసాయనశాస్త్ర పితామహుడనే లావోసియే పట్టా తెచ్చుకున్నది న్యాయశాస్త్రంలో. ఆయన దరఖాస్తును మర్యాదగా తిప్పి పంపిస్తాం.

ఇంత కట్టుదిట్టంలోనూ స్వేచ్ఛకు చోటుంచారు. దాన్ని ఎలెక్టివ్ అంటారు. అయిదు కోర్సుల పేర్లిచ్చి ఏదైనా ఒకటి ఎంచుకోమంటారు. అందులో రెండు ఈ ఏడాది చెప్పడం లేదు. ఇంకో రెండింటికి ముందు చదవాల్సిన కోర్సులు మీరు చదవలేదు. మిగిలినది, తప్పనిసరి ల్యాబ్ జరిగే వేళకే జరుగుతుంది.

సున్నా క్రెడిట్ల సెమినార్, సున్నా క్రెడిట్ల భద్రతా శిక్షణ కూడా ఉన్నాయి. రెండింటికీ హాజరు తప్పనిసరి. సున్నాతో దేన్ని గుణించినా సున్నాయే కాబట్టి వీటిని ఎన్నిసార్లు పెట్టినా భారం పెరగదు.

ఇవన్నీ దాటాక ల్యాబ్‌లో మీకిచ్చిన సామాన్ల సొరుగు తిరిగి అప్పగించే ఘట్టం ఉంది. జాబితా పట్టుకుని ఒకాయన ఎదురుగా నిలబడతాడు. బీకర్లు, టెస్ట్‌ట్యూబులు, గరాటు, వాచ్‌గ్లాస్ ఒక్కొక్కటే లెక్కపెట్టి టిక్కు పెడతాడు. వాచ్‌గ్లాస్ ఒకటి తక్కువైందా, పట్టా ఆగుతుంది. ష్రోడింగర్ సమీకరణానికి ఉజ్జాయింపు సరిపోతుంది గానీ సొరుగుకు సరిపోదు.