నూట ఎనిమిదో ఫారం

2024 జనవరిలో మా మేనల్లుడు సీఏ ఫైనల్ రెండు గ్రూపులూ పాసయ్యాడు. మా అక్కయ్య వీధంతా మైసూర్‌పాక్ పంచింది. బావగారు ఆ సాయంత్రమే ఇత్తడి నేమ్‌ప్లేటుకి ఆర్డరిచ్చి వచ్చారు. ప్లేటు మూడు రోజుల్లో తయారైంది. తర్వాత నెలల తరబడి పాత పేపర్లో చుట్టి బీరువా మీద ఉంది. ఎందుకంటే మావాడు సీఏ పాసయ్యాడు గానీ, సీఏ కాలేదు.

ఈ తేడా తెలియని అమాయకులు మన చుట్టాల్లోనే ఎక్కువ. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం సీఏల సంస్థ అయిన ఇన్‌స్టిట్యూట్ రిజిస్టర్‌లో పేరెక్కి, సభ్యత్వ నంబరు చేతికొస్తేనే ఆ రెండక్షరాలు పేరు ముందు పెట్టుకోవాలి. ఈలోగా తగిలించుకుంటే నేరం. సొంతంగా ప్రాక్టీసు పెట్టాలంటే దానికి మళ్ళీ వేరే సర్టిఫికెట్. రిజిస్టర్‌లో ఎక్కడానికి ఎవరు పనికిరారో కూడా చట్టంలోనే రాశారు. 21 ఏళ్ళు నిండనివాళ్ళు, మతి స్థిమితం లేదని కోర్టు తేల్చినవాళ్ళు, దివాలా తీసి ఇంకా బయటపడనివాళ్ళు, ఇలా కొందరు. మూడేళ్ళు ఆర్టికల్స్, అంటే ఒక సీఏ దగ్గర పని నేర్చుకునే శిక్షణ, చేసి వచ్చిన కుర్రాడి విషయంలో వయసు ఒక్కటే గట్టిగా చెప్పగలం. మిగతా రెండూ అడగకపోవడం మర్యాద.

ఇక ఫారం 108. ఫలానా కుర్రాడు నా దగ్గర ఆర్టికల్స్ పూర్తిచేశాడని ప్రిన్సిపల్, అంటే శిక్షణ ఇచ్చిన సీఏ సారు, సంతకం పెట్టి ఇచ్చే ధ్రువీకరణ ఇది. ఇది లేనిదే సభ్యత్వం లేదు. ఆ అంకె ఊరికే రాలేదని నా నమ్మకం. అష్టోత్తరం పూర్తికాకుండా ఏ దేవుడు మాత్రం కరుణించాడు? మనకి ఇంకో 108 కూడా ఉంది. దానికి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది. దీనికి ఫోన్ చేస్తే సార్ ఎత్తరు.

మావాడు మొదటిసారి వెళ్తే సార్ మీటింగులో ఉన్నారు. రెండోసారి తిరుమలలో ఉన్నారు. మూడోసారి సాక్షాత్తూ సీట్లోనే ఉన్నారు.

"ఏరా, పాసయ్యావటగా! శభాష్. మంచి టైముకి వచ్చావు" అన్నారు.

ఆ మంచి టైము ఏమిటంటే, ఒక క్లయింటు మిర్చి సరుకు మీద బ్యాంకు అప్పు తీసుకున్నాడు. దానికి స్టాక్ ఆడిట్ ఉంది. ఆఫీసులో పిల్లలు చాల్లేదు. గుంటూరు మిర్చి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. బయట ఏప్రిల్ ఎండ, లోపల కోల్డ్ స్టోరేజీ చలి. మావాడు వాచ్‌మన్ మఫ్లర్ అడిగి తీసుకుని చెవులకి చుట్టుకుని, సెల్‌ఫోన్ లైటు వేసుకుని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టాడు. ఫైనల్లో అంతర్జాతీయ పన్నుల మీద సమాధానాలు రాసిన బుర్ర అది. నాలుగు వందల పన్నెండో టిక్కీ దగ్గర తుమ్మొచ్చింది. ఒకటి కాదు, వరసగా పదకొండు. కళ్ళు తుడుచుకునేసరికి అంకె పోయింది. మళ్ళీ మొదటి వరస నుంచి మొదలుపెట్టాడు. సరుకు లెక్కింపు దగ్గర ఆడిటర్ ఎలా నడుచుకోవాలో చెప్పడానికి ఎస్‌ఏ 501 అని ఒక ప్రమాణం ఉంది. అందులో తుమ్ముల ప్రస్తావన లేదట, ఆ చలిలో నిలబడి గుర్తుచేసుకున్నాడు. పక్కన హమాలీ ఒకాయన జాలిపడి, "బాబూ, నన్నడుగు, నేను చెప్తా" అన్నాడట. అంత నమ్మదగిన ఆడిట్ ఆధారం మావాడికి మూడేళ్ళలో దొరకలేదు.

సాయంత్రం రిపోర్టు ఇస్తూ మావాడు మెల్లగా అడిగాడు. "సార్, ఆ 108..."

"ఈ వారం కాస్త టెన్షన్‌గా ఉందిరా. సోమవారం కనపడు."

ఆ సోమవారాలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. లెక్కలు మావాడి శాఖ.

వాడు ఆర్టికల్స్‌లో చేరిన రోజుల్లో కనీస స్టైపెండ్ ఇంతని ఒక పట్టిక ఉండేది. 20 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరంలో మొదటి ఏడాది నెలకి 2000 రూపాయలు. ఊళ్ళో జనం తగ్గితే స్టైపెండూ తగ్గేది. చిన్న ఊళ్ళో ఆకలి కూడా చిన్నదే అని ఎవరు పరిశోధించారో! నెలకి 26 పనిదినాలు వేసుకుంటే, పెద్ద నగరంలో కూడా రోజుకి 77 రూపాయలు రావు. 2024-25లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకి 300.

నేర్పిస్తున్నాం, అదే ఎక్కువ అంటారు. నేర్చుకున్నాడు, కాదనను. అయితే వాడు లెక్కపెట్టిన టిక్కీలకి సార్ బిల్లు వేయలేదా? వారానికి 35 గంటలే పని అని రూలుండగా, సెప్టెంబర్ 30 గడువు ముందు రాత్రి రెండింటి దాకా టాక్స్ ఆడిట్ రిపోర్టులు అప్‌లోడ్ చేసిందెవరు? ఆ రిపోర్టులో ఒక కాలమ్ ఉంటుంది, యజమాని తన కార్మికుల పీఎఫ్ గడువులోగా కట్టాడా లేదా అని. హాస్టల్ ఫీజు కోసం ఇంటికి ఫోన్ చేసిన కుర్రాడు, మధ్యాహ్నం బన్నుతో సరిపెట్టుకున్న కుర్రాడు, ఎవరి కూలీకో అన్యాయం జరగకుండా ఆ కాలమ్ నింపుతాడు. సిగ్గనిపించదా ఎవరికీ? పైగా పనిచేసినందుకు చిల్లర ఇచ్చి, పనిచేశాడని రాసివ్వడానికి తిప్పించుకుంటారు! ఇన్‌స్టిట్యూట్ ముద్ర మీద గరుత్మంతుడు, కఠోపనిషత్తు వాక్యం ఉంటాయి. అందరూ నిద్రపోతుంటే మేలుకొని ఉండేవాడు అని దాని అర్థం. ఆ మేలుకొని ఉండేవాడు ఎవరో, ఆ టైముకి పడుకున్నది ఎవరో ఏ ఆర్టికల్ కుర్రాణ్ణి అడిగినా చెప్తాడు.

ఆర్టికల్స్ ఇప్పుడు రెండేళ్ళే చేశారట. సంతోషం.

చివరికి జూన్‌లో సంతకం అయింది. సార్ కొత్త కారుకి పూజ చేయించిన రోజు, కొబ్బరికాయ కొట్టిన చేత్తోనే. తర్వాత సభ్యత్వానికి దరఖాస్తు అయిన ఫారం 2, ఫీజు, ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సెల్ఫ్ సర్వీస్ పోర్టల్. పేరుకి తగ్గట్టే టిఫిన్ సెంటర్ పద్ధతి, ముందు డబ్బు, తర్వాత నిరీక్షణ. సభ్యత్వ నంబరు వచ్చాక బావగారు బీరువా మీంచి ప్లేటు దించి చింతపండుతో తోమారు.

మొన్న భోజనాల దగ్గర మావాణ్ణి అడిగాను. "ముందు ముందు నీ దగ్గరా ఆర్టికల్స్ చేరతారుగా, వాళ్ళకి ఎంతిస్తావురా?"

పప్పులో నెయ్యి వేసుకుంటూ చెప్పాడు. "రూలెంతుంటే అంత, మావయ్యా."