ప్రేయర్ లైన్ ఆల్గారిథమ్

బీఈడీ ఇంటర్న్‌షిప్ ఆఖరి వారాలకొచ్చేసరికి పాఠం చెప్పడం పక్క పనైపోతుంది, అసలు పని రికార్డులు రాయడం. 2015 నుంచి కోర్సు రెండేళ్లయింది, అందులో 20 వారాలు బడిలోనే ఉండాలన్నారు, బాగానే ఉంది. కానీ అక్కడ చేసిందంతా చేత్తో రాసి, స్కెచ్ పెన్నుతో బోర్డర్లు గీసి మరీ ఇవ్వాలి. కంప్యూటర్ పాఠాల రికార్డు కూడా చేత్తోనే! ప్రింట్ తీసి అంటిస్తానని ఒక్కసారి అడిగాను. మా లెక్చరర్ గారు చూసిన చూపుకి మళ్ళీ అడగలేదు.

నిజానికి నా మెథడాలజీ, అంటే బీఈడీలో నేను చెప్పడం నేర్చుకుంటున్న సబ్జెక్టు, లెక్కలు. డిగ్రీలో కంప్యూటర్స్ ఉందని హెచ్‌ఎం గారికి తెలిసిన మర్నాటి నుంచి ఎనిమిదో తరగతి కంప్యూటర్ పీరియడ్లన్నీ నావే అయ్యాయి. వాటితోపాటు ఆఫీసులో ప్రింటర్ మొరాయించినా, ఎవరి ఫోన్లోనైనా హాజరు యాప్ తెరుచుకోకపోయినా నన్నే పిలిచేవారు. కంప్యూటర్ చదివినవాళ్ళకి ఇవన్నీ పుట్టుకతోనే వచ్చేస్తాయని లోకానికో నమ్మకం.

పిల్లలు మాత్రం బంగారం. ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు 2007లో జనంలోకి వదిలిన స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా, అందులో ఒక పిల్లి ఉంటుంది, రంగురంగుల బ్లాకులు ఒకదాని కింద ఒకటి తగిలిస్తే మనం చెప్పినట్టు నడుస్తుంది, అరుస్తుంది. మా వాళ్ళు ఆ అరుపుని ‘ఫరెవర్’ బ్లాకులో పెట్టేసి, బెల్ కొట్టగానే మధ్యాహ్న భోజనానికి పరిగెత్తేవారు. ఖాళీ ల్యాబులో పిల్లులు మియావ్ మియావ్ అంటూనే ఉండేవి. లూప్ అంటే ఏమిటో పక్క గదిలోని తెలుగు మాస్టారికి కూడా అలాగే అర్థమైంది.

ఇక ఫైనల్ లెసన్. అంశం సార్టింగ్, అంటే చిందరవందరగా ఉన్నవాటిని చిన్న నుంచి పెద్ద దాకా వరసలో పెట్టడం. లెక్చరర్ గారు మార్కుల షీటు పట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నారు, నేను ప్రొజెక్టర్ ఆన్ చేశాను, కరెంటు పోయింది. యూపీఎస్ రెండుసార్లు కుయ్యిమని అదీ పోయింది.

సరే, దీనికీ దారుంది. న్యూజిలాండ్‌లో టిమ్ బెల్ అనే ప్రొఫెసరూ ఆయన తోటివాళ్ళూ ‘కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్’ అని మెషీన్లు లేకుండా ఆటలతోనే ఈ పాఠాలు చెప్పే పద్ధతి తెచ్చారు. పిల్లల్ని వరండాలోకి తీసుకొచ్చి, పదిమందిని వరసగా నిలబెట్టి బబుల్ సార్ట్ అనే ఆల్గారిథమ్, అంటే పని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు చెయ్యాలో చెప్పే పద్ధతి, మొదలుపెట్టాను. పక్కపక్కనున్న ఇద్దర్నే పోల్చాలి, ఎడమవైపు వాళ్ళు పొడుగైతే చోట్లు మార్చుకోవాలి, అలా ఒక చుట్టు పూర్తయ్యేసరికి అందరికన్నా పొడుగువాడు చివరికి చేరతాడు. పదిమందికి ఎక్కువలో ఎక్కువ 45 పోలికలు.

“మేడమ్, వీడు మునివేళ్ళ మీద నిలబడ్డాడు!”

“మేడమ్, దాని రిబ్బను కూడా లెక్కేస్తున్నారా?”

సమానంగా ఉంటే కదలక్కర్లేదని చెప్తే ఇద్దరు మగపిల్లలు ఒప్పుకోలేదు, చెరో పక్క స్నేహితులు స్కేళ్ళు పట్టుకుని సాక్ష్యానికొచ్చారు. ఒక జత ఆడపిల్లలైతే చోట్లు మారితే విడిపోతామని చేతులు పట్టుకుని కదలనే లేదు. ఈలోగా వెనకనుంచి ఒకడు, “అందర్నీ ఒక్కసారి చూస్తేనే తెలిసిపోతోంది కదా మేడమ్, కంప్యూటర్‌కి కళ్ళు లేవా?” అన్నాడు. అసలు పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. “లేవురా, అది ఇద్దరిద్దరి చొప్పునే చూడగలదు” అనేలోపే మిగతా క్లాసంతా మేమూ వస్తామంటూ వరసలో దూరింది. అరవైమంది. అరవైమందికి పోలికలు 1,770 దాకా వెళ్ళొచ్చు, అప్పటికి పీరియడ్‌లో మిగిలింది పావుగంట. గోల స్కూలు గేటు దాకా వినపడుతోంది.

గ్రౌండులోంచి పీఈటీ సారు వచ్చారు. ఏం జరుగుతోందని ఎవర్నీ అడగలేదు. విజిల్ ఊదారు. “ప్రేయర్ లైన్!”

అంతే. అరవైమందీ పొట్టి నుంచి పొడుగు దాకా, చేతులు వెనక్కి కట్టుకుని, చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా నిలబడిపోయారు. సారు వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

లెక్చరర్ గారు కళ్ళజోడు పైకి తోసుకుని, “ఇది ఏ ఆల్గారిథమ్ అమ్మా?” అన్నారు.

జూన్ నుంచి రోజూ ప్రేయర్‌లో నిలబడుతున్నారు కాబట్టి ఎవరి ముందు ఎవరుండాలో ప్రతి పిల్లకీ ముందే గుర్తుందండీ, పైగా ఒకరి తర్వాత ఒకరు కాకుండా అందరూ ఒకేసారి కదిలారు, దాన్ని పారలల్ ప్రాసెసింగ్ అంటారండీ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. భయం పాత్ర గురించి మాట్లాడలేదు, అది సిలబస్‌లో లేదు.

షీటులో ‘తరగతి నియంత్రణ’ ఎదురుగా ‘చాలా బాగుంది’ అని రాసి సంతకం పెట్టారు. ఆ మార్కులు ఎవరివో పీఈటీ సారుకి ఎవరు మోశారో గానీ, సాయంత్రం నాచేత సమోసాలు తెప్పించారు. స్టాఫ్ మొత్తానికి.